పాత చీరకు కొత్త పని

పాత బట్టలు, పాత సామాన్లతో ఇంట్లోనే కొత్త వస్తువులు తయారు చేసుకోవడం గురించి మాట్లాడాలని కూర్చున్నాను. ఈ మాట ఎత్తగానే చాలామందికి సీసాకు రంగులు వేసి పువ్వులు పెట్టడం, టైరుకు సున్నం కొట్టి గుమ్మం ముందు నిలబెట్టడం గుర్తుకొస్తాయి. నాకు వాటి మీద పెద్దగా గురి లేదు. భేజ్జి లాంటి ఊళ్ళో ఇల్లు చూడండి. పాత చీర అక్కడ షోకు కోసం ఉండదు. దూలానికి ఉయ్యాలై వేలాడుతుంది, స్నానాల తడికెకు అడ్డుగుడ్డ అవుతుంది, నెత్తిన కడవ కింద చుట్టకుదురు అవుతుంది, అడవికి పోయేవాళ్ళ భుజాన మూట అవుతుంది. ఎక్కడున్నా ఏదో ఒక పని మీదే ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదీ అదే. పాత వస్తువును ముద్దుగా చూసుకోనక్కర్లేదు, దానికి తగిన పని చూపించాలి.

దూరం నుంచి వింటున్నవాళ్ళ కోసం ఒక మాట. భేజ్జి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, బస్తర్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కోంటా వైపు. శబరి నది దాటితే ఒడిశా, కిందికి దిగితే చింతూరు, ఆ పక్కన భద్రాచలం. దోర్లవాళ్ళు, కోయవాళ్ళు ఉండే ప్రాంతం. ఒకే సంతలో దోర్ల మాట, గోండి, హల్బీ, తెలుగు, హిందీ అన్నీ వినబడతాయి. బేరం మాత్రం ఏ భాషలో ఆడినా ఒకటే. గుడ్డ చేతిలోకి తీసుకుని, రెండు చేతుల మధ్య లాగి, వెలుతురుకు ఎత్తి చూసి, అప్పుడు ధర అడుగుతారు. ఆ లాగి చూడటంలోనే సగం విద్య ఉంది. ఈ గుడ్డ ఎన్నాళ్ళు కట్టుకోవడానికి పనికొస్తుంది, తర్వాత దేనికి పనికొస్తుంది అని చేతివేళ్ళు లెక్క కట్టేస్తాయి.

ఈ లెక్క మన దేశంలో ఎంత పాతదో చెప్పే కథ ఒకటి బౌద్ధుల వినయపిటకంలో ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు బుద్ధుడి శిష్యుడు ఆనందుడి బోధ విని, ఐదు వందల వస్త్రాలు కానుకగా ఇచ్చారు. రాజుకు చిర్రెత్తింది. సన్యాసికి ఇన్ని బట్టలెందుకు, బట్టల కొట్టు పెడతాడా అని నేరుగా వెళ్ళి అడిగాడు. ఆనందుడు తొణకలేదు. చీవరాలు చిరిగిపోయిన భిక్షువులకు పంచుతానన్నాడు. మరి ఆ చిరిగినవేం చేస్తారు? పక్కమీది దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? కింద పరుచుకోవడానికి. అవీ పాతబడితే? కాళ్ళు తుడుచుకోవడానికి. ఆ తర్వాత? దుమ్ము దులపడానికి. అదీ అయిపోతే? పీలికలు చేసి, మట్టిలో కలిపి తొక్కి, నేలకు మెత్తుతాం. రాజు సంతోషించి ఇంకో ఐదు వందల వస్త్రాలు ఇచ్చాడట.

ఆ వరస జాగ్రత్తగా వింటే అందులో దిగజారడం కనపడదు. ప్రతి మెట్టు దగ్గరా గుడ్డకు ఆ వయసులో చేతనైన పనే అప్పజెప్పారు. చివరికి మట్టిలో కలిసినప్పుడు కూడా పీలిక ఊరికే లేదు. మట్టి ఎండి నెర్రెలు విచ్చకుండా పట్టి ఉంచేది ఆ పోగులే. మట్టి గోడలకు గడ్డి, ఊక కలిపి మెత్తే మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నూలు గుడ్డ సంగతికి వద్దాం. కొత్త నూలు గుడ్డకు గంజి బిరుసు ఉంటుంది, నీటిని వెంటనే పీల్చదు. ఉతికి ఉతికి, ఎండలో ఆరి ఆరి, పోగులు నలిగి మెత్తబడతాయి. అందుకే పసిబిడ్డ పొత్తిగుడ్డలకు కొత్త గుడ్డ ఎవరూ చింపరు, తాత పాత పంచో, అమ్మమ్మ పాత చీరో వెతుకుతారు. పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ కూడా పాత నూలుదే కావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మధ్య సంతల్లో దొరికేవి ఎక్కువగా పాలిస్టర్ చీరలు. వాటి ముక్కను మసిగుడ్డగా వాడొద్దు. నూలు కాలితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి జిగురై చర్మానికి అంటుకుంటుంది. ముక్క ఏ రకమో తెలియకపోతే ఒక పోగు లాగి నిప్పుకు చూపించండి. కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే నూలు. ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే కాదు.

పాత నూలు గుడ్డ కొత్తదానికన్నా మేలని నలుగురు అనుకోవడం వేరు, కొలిచి చూపడం వేరు. కొలిచి చూపినవాళ్ళు ఉన్నారు. బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే ప్రాంతం ఉంది. చెరువులు, కాలవల నీళ్ళు తాగి ఏటా కలరా పాలయ్యే పల్లెలు. అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్, ఆమె బృందం అక్కడ 65 పల్లెల్లో, దాదాపు 1,33,000 మంది మధ్య ఒక ప్రయోగం చేశారు. కొన్ని పల్లెల్లో ఆడవాళ్ళకు చెప్పింది ఒక్కటే, ఇంట్లో ఉన్న పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి, బిందె మూతికి కట్టి, దానిమీదుగా నీళ్ళు ముంచుకోండి అని. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. అలా చేసిన పల్లెల్లో కలరా 48 శాతం తగ్గింది.

మడత వేసిన గుడ్డ కలరా క్రిమిని నేరుగా ఆపలేదు. క్రిమి అంతకన్నా చాలా చిన్నది. కానీ అది నీళ్ళలో ఒంటరిగా తిరగడం తక్కువ. కంటికి ఆనీ ఆనకుండా ఈదులాడే బుల్లి జలజీవాలను అంటిపెట్టుకుని ఉంటుంది. గుడ్డ ఆ జీవాలను ఆపితే వాటి మీద సవారీ చేసే క్రిములూ ఆగిపోతాయి. ఇక పాత చీరే ఎందుకంటారా? వాడగా వాడగా పోగుల నూగు లేచి, నేతలో సందులు చిన్నవవుతాయి. కొత్త చీరలో సందులు పెద్దవి. అంటే ఈ పనికి పాతబడటమే అర్హత.

అయితే దీన్ని పట్టుకుని మరిగించడం మానేయమని నేను చెప్పడం లేదు. గుడ్డ సగం ఆపింది, తక్కిన సగం ఆపలేదు. బోరింగు నీళ్ళకు ఈ వడపోత అక్కర్లేదు. వాగు నీళ్ళు, చెలమ నీళ్ళు తాగక తప్పని రోజుల్లో ముందు నాలుగు మడతల పాత నూలు గుడ్డలో వడగట్టి, తర్వాత మరిగించుకోండి. వడగట్టిన గుడ్డను శుభ్రంగా జాడించి ఎండలో ఆరవేయాలి. తడిగా మూల పడేస్తే లాభం లేదు.

మరి పాలిస్టర్ చీరను ఏం చేయాలి? దానికీ ఒక పని ఉంది. ఆ పని మన అడవిలోనే ఉంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారుజామునే రాలడం మొదలుపెడతాయి. మనవాళ్ళు చీకటితోనే గంపలు తీసుకుని చెట్టు కిందికి చేరతారు. ఒక్కొక్క పువ్వు ఏరుతూ ఎండ ఎక్కేదాకా వంగిన నడుము ఎత్తరు. చెట్టు కింద ఎండుటాకులు మోకాలి లోతు ఉంటే పూలు కనపడవు. అందుకని ముందుగా ఆకులకు నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకోవడం పాత అలవాటు. ఆ నిప్పు చెట్టు కిందే ఆగితే బాగుండును. గాలి మళ్ళితే అడవిలోకి పాకుతుంది. మొలకలు, తేనెపట్లు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, అన్నీ పోతాయి. పూలకు బూడిద, మట్టి అంటుకుని ధర పడిపోతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని చోట్ల ఇప్పచెట్ల కింద వలలు కట్టడం మొదలుపెట్టారు. మట్టి తగలని పూలకు మామూలు పూలకన్నా మంచి ధర పలుకుతుంది. వల కొనలేనివాళ్ళకు పాత చీర ఉంది. నాలుగు పాలిస్టర్ చీరలు పక్కపక్కన పెట్టి అంచులు కలిపి దబ్బనంతో పెద్ద కుట్లు వేయండి. నాలుగు మూలల్లో గులకరాయి పెట్టి, గుడ్డతో సహా తాడుతో బిగించి కట్టండి. రాయి లేకుండా ముడి వేస్తే గాలికి జారిపోతుంది, రాయి ఉంటే తాడు గట్టిగా పట్టుకుంటుంది. మూలలను కర్రలకు మోకాలెత్తున కట్టి, మధ్యలో కాస్త వాలు ఉంచండి. పూలన్నీ అక్కడికే దొర్లుతాయి. ఇక్కడ నూలు చీర పనికిరాదు. మంచు పీల్చి బరువెక్కుతుంది, పువ్వులోని తీపి నీరు ఇంకి బూజు పడుతుంది. మనం ఇందాక వంటింట్లో నుంచి వెళ్ళగొట్టిన పాలిస్టర్‌కు ఇక్కడ పెద్దపీట. తేలిక, గట్టి, దులిపితే తడి పోతుంది.

ఇంకో చోట కూడా పాత చీరలకు పని దొరికింది. తెలంగాణలో, ఆంధ్రలో మొక్కజొన్న, వేరుశనగ చేల చుట్టూ రంగురంగుల చీరలు కట్టి ఉండటం రోడ్డు మీద పోయేవాళ్ళందరూ చూసే ఉంటారు. అడవి పందుల బెడదకు రైతు కనిపెట్టిన కంచె అది. గాలికి చీర ఊగితే మనుషులున్నారని పంది జంకుతుంది. ఎన్నాళ్ళు జంకుతుందన్నది వేరే ప్రశ్న. పందికీ తెలివి ఉంది, కొన్నాళ్ళకు అలవాటు పడుతుంది. అందుకే చీరల చోటు మారుస్తుంటారు, రంగు మారుస్తుంటారు. పంట కోశాక ఆ చీరలు విప్పి తీసేయడం మాత్రం చాలామంది మరిచిపోతారు. ఎండకు చివికిన పాలిస్టర్ పోగులు పోగులుగా దుక్కిలో కలిసిపోతుంది. ఆనందుడి మట్టిలో కలిసిన నూలు వేరు, ఇది వేరు. ఇది కుళ్ళదు. కట్టినవాళ్ళే విప్పాలి.

ఇక బొంత. బట్టకు రెండో జన్మ ఇవ్వడంలో దీన్ని మించిన పని లేదని నా నమ్మకం. బస్తర్ చలి ఎరిగినవాళ్ళు ఒప్పుకుంటారు. బొంత కుట్టడం అందరికీ వచ్చనుకుంటాం గానీ, రెండు ఉతుకులకే లోపలి గుడ్డ ఉండలు కట్టే బొంతలే ఎక్కువ. ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

నాలుగైదు చీరలు తీసుకోండి. అన్నిటినీ ముందే ఉడుకు నీళ్ళలో ఉతికి ఆరేయండి. ఉతకనిది ఒక్కటి లోపల పడినా, తర్వాత అది కుంచించుకుపోయి మొత్తం బొంతను ముడతలు పెడుతుంది. గట్టిగా ఉన్న రెండు చీరలు పైకీ కిందికీ. చివికినవి, చిరిగినవి లోపలికి. చిరుగు ఉన్నచోట చిరుగు మీద చిరుగు రాకుండా చీరను తిప్పి పరచాలి. అలికిన నేల మీదో, చాప మీదో పొరలు పరిచి, ముడత లేకుండా అరచేత్తో మధ్య నుంచి బయటికి తోసుకుంటూ రావాలి. మూలల్లో బరువు పెట్టాలి. ముందు పెద్ద పెద్ద కుట్లతో అడ్డంగా నిలువుగా టాకాలు వేసుకుంటే పొరలు జరగవు. ఈ టాకాల దగ్గరే బద్ధకిస్తారు. తప్పు ఇక్కడే జరుగుతుంది.

తర్వాత అసలు కుట్టు. కొందరు ఒక అంచు నుంచి వరసలుగా పోతారు, కొందరు అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. చుట్టూ తిరిగే పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, గుడ్డలో ఎక్కడైనా వదులు మిగిలితే అదంతా నడిమికి చేరి పొంగుతుంది. అందుకని కొత్తగా నేర్చుకునేవాళ్ళు వరసలే వేయడం మంచిది. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం మించకూడదు. ఎడం పెరిగితే లోపలి చివికిన గుడ్డను పట్టేది ఏమీ ఉండదు, ఉతికినప్పుడు అది ఒక మూలకు పోతుంది. దారం మరీ బిగించి లాగొద్దు. ఉతికాక కుట్టు దగ్గర గుడ్డ కాస్త ముడుచుకుని, కుట్టుకూ కుట్టుకూ మధ్య చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. ఆ బుడిపెల్లో ఆగిన గాలే వెచ్చదనం. బొంతకు బరువు ఒక్కటే వెచ్చదనం ఇవ్వదు.

లంబాడీ ఆడవాళ్ళ అతుకుల పనితనం, బెంగాల్ కాంథా, బీహార్ సుజనీ, అన్నీ ఈ సాదా కుట్టు చుట్టాలే. సముద్రాల అవతల కూడా ఉన్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక నది వంపులో జీస్ బెండ్ అనే నల్లజాతివాళ్ళ పల్లె ఉంది. బానిసల వారసులు. పత్తి చేలల్లో అరిగిన ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు కత్తిరించి, చలికి బొంతలు కుట్టుకున్నారు. మోకాలి దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలం, అవి అలాగే బొంతలో కనపడతాయి. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లో గోడలకు పెట్టి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో బిళ్ళలు వేసింది. వాళ్ళు కుట్టేటప్పుడు గోడ కోసం కుట్టలేదు, పిల్లలకు చలి వేయకుండా కుట్టారు. అందం వెంట వచ్చింది.

అందుకే అలంకారం మీద నాకు అనుమానం. ఖాళీ సీసాకు జనపనార చుట్టి, పూసలు అంటించి, టీవీ పక్కన పెడతాం. ఆరు నెలలకు దాని మీద దుమ్ము, ఏడాదికి చెత్తబుట్ట. ఇప్పుడా సీసాను కరిగించే కార్ఖానా కూడా తీసుకోదు, జిగురు, రంగు, పూసలు అంటుకుని ఉన్నాయి కదా. శుభ్రమైన చెత్తను మనమే పాడైన చెత్తగా మార్చాం. దానికన్నా మన తల్లుల డాల్డా డబ్బా నయం. వనస్పతి అయిపోయిన మర్నాటి నుంచి అది బియ్యం కొలిచింది, పప్పులు దాచింది, అడుగుకు చిల్లు పడ్డాక తులసిమొక్కకు ఇల్లయింది. హార్లిక్స్ సీసా ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని తరాల ఊరగాయ మోసిందో లెక్కలేదు.

టైరుదీ అంతే. టైరు చెప్పులు వేసుకుని అడవంతా తిరిగిన కాళ్ళు మన వైపు ఎన్నో. ముల్లు దిగదు, ఏళ్ళ తరబడి అరగదు. అదే టైరును ఇంటి ముందు పూలకుండీగా పెడితే వాన నీళ్ళు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పెట్టక తప్పకపోతే అడుగున నాలుగైదు చోట్ల చిల్లులు పొడవండి.

ఒక్కటి మాత్రం మళ్ళీ వాడొద్దు. పురుగుమందు డబ్బా. ఎన్నిసార్లు కడిగినా సరే, నీళ్ళకు, నూనెకు, కల్లుకు, దేనికీ వద్దు. మూడుసార్లు జాడించి, ఆ నీళ్ళు పిచికారీ డబ్బాలోనే పోసుకుని, ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచేయండి. చూడ్డానికి గట్టిగా, మూత బిగువుగా ఉంటుంది కాబట్టే అది ప్రమాదం. ఎవరో ఒకరు తీసుకెళ్ళి నీళ్ళు పోసుకుంటారు. యూరియా బస్తా వాన పడేటప్పుడు ఒక మూల లోపలికి మడిచి నెత్తిన కప్పుకోవడానికి బాగుంటుంది, బియ్యం నిల్వకు వద్దు.

సామాన్ల మాట వచ్చింది కాబట్టి ఇత్తడి గురించి చెప్పకపోతే బస్తర్ గురించి మాట్లాడినట్టు కాదు. చిల్లుపడ్డ చెంబు, పిడి విరిగిన గరిటె, పగిలిన గంట, ఇవి మన ఇళ్ళల్లో అటక మీద పడి ఉంటాయి. కొండగావ్ వైపు ఇత్తడి పోత పోసే ఘడ్వా పనివాళ్ళకు అవే ముడిసరుకు. డోక్రా బొమ్మలు, గుర్రాలు, ఏనుగులు, దేవతా మూర్తులు, అన్నీ పాత ఇత్తడి కరిగించి పోసినవే. పని ఎలా జరుగుతుందంటే, మట్టిలో ఊక కలిపి ముందు బొమ్మ ఆకారం చేస్తారు. అది ఆరాక తేనెమైనాన్ని సన్నని దారాల్లా తీసి దాని చుట్టూ చుడతారు. నగలు, కళ్ళు, వేళ్ళు అన్నీ ఆ మైనపు దారాలతోనే. బస్తర్ బొమ్మ ఒంటి మీద సన్నని గీతల వరసలు కనపడతాయి చూడండి, అవి ఆ మైనపు దారాల గుర్తులే. దాని మీద మళ్ళీ మెత్తని మట్టి, ఆ పైన మందంగా ఇంకో పూత. కాల్చితే మైనం కరిగి పోతుంది. మైనం ఖాళీ చేసిన చోట కరిగిన ఇత్తడి నిండుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. మూస పగిలిపోయింది కాబట్టి అచ్చం అలాంటిదే ఇంకోటి రాదు.

మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మను పోసిందీ ఈ మైనపు పద్ధతిలోనే. కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ ఈ పనితనాన్ని దేశదేశాలకు చూపించారు. బస్తర్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తెలుగు నేల మీద ఈ విద్య చేసేవాళ్ళు ఆదిలాబాద్ వైపు ఓజాలు. జైనూరు దగ్గర ఉషేగావ్ లాంటి ఊళ్ళలో గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళ పెద్ద కష్టం ఇత్తడి ధర. మన అటక మీద చిల్లు చెంబు తుప్పు సామాన్లవాడికి కిలో లెక్కన పోతోంది. దగ్గర్లో పోత పనివాళ్ళు ఉంటే వాళ్ళకే నేరుగా ఇవ్వండి.

బట్టలు దానం చేయడం గురించి కాస్త కటువుగానే మాట్లాడాలి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని చింతూరు, కోంటా వైపు ఊళ్ళను ముంచింది. అలాంటి వరద ఎక్కడ వచ్చినా పట్నాల నుంచి బట్టల మూటలు వస్తాయి. మంచి మనసుతోనే పంపుతారు. మూట విప్పితే జిప్పు పోయిన ప్యాంట్లు, ఒంటి చెప్పు, చెమ్కీల పెళ్ళి గౌన్లు, ఉతకని లోదుస్తులు. పొలం పనికి వెళ్ళే మనిషి చెమ్కీల గౌను ఏం చేసుకుంటుంది? ఇచ్చేవాళ్ళ బీరువా ఖాళీ అయింది, తీసుకున్నవాళ్ళకు ఏరుకునే చాకిరీ మిగిలింది.

అన్షు గుప్తా 1999లో గూంజ్ అనే సంస్థను ఢిల్లీలో మొదలుపెట్టినప్పుడు ఈ చిక్కునే పట్టుకున్నారు. వచ్చిన బట్టలను ముందు ఏరుతారు, వయసుకు, ఊరికి, రుతువుకు తగ్గట్టు విడగొడతారు. ఊళ్ళో జనం కలిసి బావి తవ్వుకుంటేనో, దారి వేసుకుంటేనో ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు ఇస్తారు. ఊరకే ఇస్తే పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది, పనికి ఇస్తే ఉండదు. కట్టుకోవడానికి పనికిరాని నూలు గుడ్డలను శుభ్రం చేసి, ఆడవాళ్ళ నెలసరికి గుడ్డ ప్యాడ్లుగా కుట్టిస్తారు. 2015లో అన్షు గుప్తాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ ప్యాడ్ల సంగతి ఇళ్ళల్లో నోరు విప్పి చెప్పుకోరు కాబట్టి రేడియోలో చెబుతున్నాను. నెలసరికి పాత నూలు గుడ్డ వాడటంలో తప్పేమీ లేదు, అది మెత్తగా పీల్చుతుంది. తప్పు ఆరవేయడంలో ఉంది. ఎవరైనా చూస్తారని చీర కింద, గడ్డివాము వెనక, తడికె సందులో ఆరేస్తారు. ఎండ తగలని గుడ్డ పూర్తిగా ఆరదు, జబ్బు తెస్తుంది. సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో ఆరేయండి అక్కా. సిగ్గనిపిస్తే పైన పలచటి నూలు గుడ్డ ఒక్కటి కప్పండి, గాలీ ఎండా తగులుతాయి. కొన్ని నెలలు వాడాక ఆ గుడ్డ మార్చేయాలి.

చివరిగా దోమతెర. బస్తర్‌లో మలేరియా ఎంత పీడించిందో మనకు కొత్తగా చెప్పాలా? 2020 జనవరి నుంచి మలేరియా ముక్త్ బస్తర్ పేరుతో ఆరోగ్య కార్యకర్తలు వాగులు దాటి ఇంటింటికీ వచ్చి రక్తపరీక్షలు చేశారు. మందు పట్టించిన దోమతెరలూ చాలా ఇళ్ళకు చేరాయి. ఆ తెర దాదాపు మూడేళ్ళు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. కానీ మంచం కోడుకో, పొయ్యి దగ్గర నిప్పురవ్వకో చిరుగు పడగానే తీసి మూల పడేస్తున్నాం. కొందరు దాన్ని వాగులో చేపలు పట్టడానికి పట్టుకెళ్తున్నారు. దోమను చంపే ఆ మందు చేపపిల్లలనూ చంపుతుంది. సన్నని కళ్ళ తెర కాబట్టి గుడ్డు విడిచిన పిల్లను కూడా వదలదు. ఈ ఏడు ఆ పని చేస్తే వచ్చే ఏడు ఆ వాగులో పట్టడానికి ఏమీ మిగలదు.

చిరిగిన తెరకు మాసిక వేయండి. బాగా పాడైన ఒక తెరను మాసికల కోసమే పక్కన పెట్టుకోవాలి. చిరుగు కన్నా నాలుగు వేళ్ళు పెద్దదిగా ముక్క కత్తిరించి, చిరుగు మీద పరిచి, అంచు లోపలికి ఒక మడత మడిచి, చుట్టూ దగ్గర దగ్గర కుట్లు వేయాలి. కుట్టు దూరమైతే దోమకు ఆ సందు చాలు. బొటనవేలంత చిల్లు అయితే ముక్క కూడా అక్కర్లేదు, తెరను పోగేసి సూదీ దారంతో నాలుగు చుట్లు చుట్టి ముడి వేస్తే సరి. తెరను ఉతికినప్పుడు మాత్రం నీడలో ఆరేయండి, ఎండకు మందు బలం పోతుంది. తెర అడుగు అంచు పక్క కిందికి దోపుకోవడానికి పొడవు చాలకపోతే పాత చీర అంచు జానెడు వెడల్పున చుట్టూ కలిపి కుట్టండి, దోపుకోవడానికి గుడ్డ బరువు కూడా వస్తుంది. తొలకరి పడకముందే, పగటి వెలుతురులో, తెరను గుమ్మానికి వేలాడదీసి చూస్తే చిరుగులన్నీ కనపడతాయి.